గానుగేనా, అంతేనా?

మా నాన్నగారి ఊరు అనకాపల్లి దాటాక, మెయిన్ రోడ్డు మీంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి. ఊళ్లోకి వెళ్లగానే అమ్మవారి గుడి, గుడి పక్కన టైల్స్ వేసిన చిన్న గద్దె, గద్దె మీద నడుమెత్తు నల్లరాయి కనిపిస్తాయి. రాయి పైభాగంలో లోతైన గుంట. ఊహ తెలిసినప్పటి నుంచీ దాన్ని 'అమ్మోరి గిన్నె' అనే పిలిచాం. కొత్త అమావాస్యకి ఊరి ఆడవాళ్లు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, గుంటలో చలిమిడి ముద్ద ఉంచి, అంచున దీపం పెడతారు. చిన్నప్పుడు మమ్మల్ని అందులో చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు, కళ్లు పోతాయనేవారు. నేను ఒకసారి పెట్టాను. లోపల చల్లగా, అద్దంలా నున్నగా ఉంది.

రెండేళ్ల కిందట పురావస్తు శాస్త్రం చదువుతున్న ఒక కుర్రాడు మాతో పాటు ఊరొచ్చాడు. నా స్నేహితురాలికి తమ్ముడి వరస. భోజనాలయ్యాక అందరం గుడి దగ్గరికి వెళ్తే అతను గుళ్లోకి రాకుండా ఆ రాయి దగ్గరే ఆగిపోయాడు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత చెప్పులు విడిచి, మా నాయనమ్మ వైపు తిరిగి, "మామ్మా, ఇందులో ఒక చెంబుడు నీళ్లు పోయొచ్చా?" అని అడిగాడు.

అమ్మవారికి నీళ్లు పొయ్యడానికి అభ్యంతరం ఏముంటుంది, పొయ్యమంది నాయనమ్మ. నీళ్లు గుంటలో నిలబడ్డాయి. అడుగున పసుపు, మసి, నూనె జిడ్డు కలిసి గట్టిపడిన చోట చిన్న చిన్న బుడగలు లేచాయి. అతను కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని అక్కడ మెల్లగా పొడిచాడు. కాసేపటికి రాయి పక్క భాగం నుంచి, మాలో ఎవరమూ ఎప్పుడూ గమనించని కన్నంలోంచి, పచ్చటి నీళ్లు సన్నగా కారడం మొదలైంది. కన్నం కింద రాతిలో వేలెడు వెడల్పున గాడి చెక్కి ఉంది. నీళ్లు సరిగ్గా ఆ గాడి వెంట జారి టైల్స్ మీద పడ్డాయి.

"ఇది గానుగ రోలండీ," అన్నాడతను.

"గానుగేనా? అంతేనా?" ఆ మాట అన్నది నేనే.

నాయనమ్మ మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. "గానుగైతే ఏటి? అమ్మోరు నూనె దీపం కాక ఇంకేటి దీపం పెట్టించుకుంటాది?" అని, కడిగిపోయిన చోట మళ్లీ పసుపు రాసింది.

నా నోటి నుంచి వచ్చిన ఆ "అంతేనా" రెండేళ్లుగా నన్ను వదల్లేదు. ఒక రాయి గుడికి చెందినదంటే గొప్ప, కోటకి చెందినదంటే ఇంకా గొప్ప, ఊరి పనికి చెందినదంటే మాత్రం చిన్నతనం అని నా మనసులో ఎవరు రాసిపెట్టారు? పురావస్తు శాస్త్రవేత్తలు పాత ఊళ్ల రాళ్లను మళ్లీ పరిశీలించి, "ఇది గుడి కాదు, కళ్లం" అనో "ఇది బలిపీఠం కాదు, రోలు" అనో అన్నప్పుడల్లా చరిత్రలో ఏదో తగ్గిపోయినట్టు మనం నిరుత్సాహపడతాం. ఆ నిరుత్సాహం తప్పు. ఒక్క శాసనంలో కూడా పేరెక్కని మనుషులు అలాంటి క్షణంలోనే చరిత్రలోకి తిరిగి వస్తారు. ఇది నాకు వెంటనే తట్టలేదు. ఈ మధ్య ఎక్కడో ఇంగ్లండులోని ఒక ఊరి గురించి చదివాక తట్టింది.

యార్క్‌షైర్‌లో పాడుబడిన ఊరు

ఆ ఊరి పేరు వారమ్ పెర్సీ. మధ్యయుగంలో బతికిన ఊరు, సుమారు 1500 నాటికి ఖాళీ అయిపోయింది. మారిస్ బెరెస్‌ఫోర్డ్ అనే చరిత్రకారుడు, జాన్ హర్స్ట్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకాలు నడిపించారు. 1950 నుంచి 1990 దాకా, ఏటా వేసవిలో తవ్వారు. ఒక్క పల్లెటూరి కోసం నలభై ఏళ్లు! మన దగ్గర గుడి గోపురానికైనా అంత ఓపిక దొరుకుతుందా?

రైతుల ఇళ్లు ఉన్న చోట సుద్దరాతి పునాదుల వరసలు బయటపడ్డాయి. ఒకే ఇంటి స్థలంలో ఒకదాని మీద ఒకటి, కొంచెం అటూ ఇటూ జరిగి, ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిరిగి ఉన్నాయి. వాటిని చూసి వాళ్లు మొదట అనుకున్నది ఇది: ఆ కాలపు రైతుల ఇళ్లు నాసిరకం కట్టడాలు, ఒక తరం కూడా నిలబడేవి కావు, అందుకే ప్రతి తరమూ మళ్లీ కట్టుకునేది. చాలాకాలం ఆ మాటే చెలామణి అయింది. మధ్యయుగపు రైతు అంటే కూలిపోతున్న గుడిసెలో బతికే నిర్భాగ్యుడు అన్న బొమ్మ దాంతో మరింత బలపడింది.

1980లలో స్టూవర్ట్ రాత్‌మెల్ అనే మరో పురావస్తు శాస్త్రవేత్త అవే రాళ్లను ఇంకోలా చదివాడు. ఆ ప్రాంతంలో ఇంకా నిలిచి ఉన్న పాత ఇళ్లతో, కాగితాల్లో ఉన్న వివరాలతో పోల్చి చూశాడు. ఇంటి పైకప్పు బరువును మోసింది రాతిగోడ కాదు, జతలు జతలుగా నిలబెట్టిన వంపు దూలాల చట్రం అన్నాడు. గోడ కేవలం గాలికీ వానకీ అడ్డు. అది పాడైతే తీసి ఇంకోటి పెట్టుకునేవారు, చట్రం మాత్రం తరాల తరబడి అలాగే నిలబడేది. కొన్ని రాళ్లు గోడవి కూడా కావు, దూలాల కింద పెట్టిన దిమ్మలు. ఆ ఇళ్లు కట్టింది చెయ్యి తిరిగిన వడ్రంగులు. రాళ్లు అవే, వాటి వెనక ఉన్న మనిషి మాత్రం మారిపోయాడు. నిర్భాగ్యుడి స్థానంలో, మంచి కలప తెప్పించి పనివాళ్ల చేత ఇల్లు కట్టించుకున్న గృహస్థు వచ్చి నిలబడ్డాడు.

ఇది చదువుతుంటే నాకు మా పశువుల శాల గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో మేం తలుపులు పట్టుకుని కూర్చుంటే, ఊళ్లో నాయనమ్మ వాళ్ల శాల పడమటి గోడ మొత్తం జారిపోయింది. తాటాకు ఎగిరిపోయింది. నిట్రాళ్లు మాత్రం ఒక్కటీ కదల్లేదు. నాన్న నెల తిరిగేలోగా మళ్లీ మట్టిగోడ పెట్టించారు. అయితే పాత గోడ ఉన్నచోట కాదు. ఆ నేల ఇంకా చిత్తడిగా ఉందని మూరెడు లోపలికి జరిపి, కింద కొత్తగా రాళ్లు పరిపించారు. పాత గోడ కింది రాళ్ల వరస ఇప్పటికీ మట్టిలోనే ఉంది. అయిదు వందల ఏళ్ల తర్వాత ఎవరైనా తవ్వితే రెండు రాతి వరసలు కనిపిస్తాయి, చెక్క మిగలదు కనక నిట్రాళ్లు కనిపించవు. "పాపం, ఈ కుటుంబం శాల రెండుసార్లు కూలింది" అనుకుంటారు. మా తాత ఏజెన్సీ నుంచి తెప్పించి నిలబెట్టిన ఆ నిట్రాళ్ల గురించి ఎవరికీ తెలియదు.

రాత్‌మెల్‌కి తెలిసింది కదా, ఎలా తెలిసింది? ఇక్కడ నన్ను బాగా కదిలించిన సంగతి ఒకటి ఉంది. ముందు తవ్వినవాళ్లు తమ అభిప్రాయంతో పాటు ప్రతి రాయి ఎక్కడ, ఏ లోతులో, ఏ దిక్కుకి ఉందో కూడా గీసిపెట్టుకున్నారు. వాళ్ల అభిప్రాయం చెల్లకుండా పోయినా వాళ్లు గీసిన బొమ్మ చెల్లింది. తర్వాతి మనిషి ఆ బొమ్మ మీదే నిలబడి వాళ్లతో విభేదించగలిగాడు.

దీపం వెనక

మా రాయి దగ్గరికి మళ్లీ వస్తాను. గానుగ అంటే తక్కువ అనుకున్న నేను, సింహాచలం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అక్కడి శాసనాలు 11వ శతాబ్ది చివర కులోత్తుంగ చోళుడి కాలం నుంచి మొదలవుతాయి. తూర్పు గాంగులు, రెడ్డి రాజులు, గజపతులు, 1516లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు, అందరి పేర్లూ ఆ రాళ్ల మీద ఉన్నాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే దానం అఖండ దీపం. ఫలానావారు స్వామికి ఆరని దీపం పెట్టించారు, దానికి ఇంత ధనం ఇచ్చారు, ఇన్ని పశువులిచ్చారు అని ఉంటుంది. దానం చేసినవారి పేరు, వారి తల్లిదండ్రుల పేర్లు, గోత్రం, ఏ పుణ్యం కోరి చేశారో అన్నీ రాసి ఉంటాయి.

ఆరని దీపానికి కావలసిన నెయ్యి ఎవరు కాచారు? గుడి బయట ఊళ్లలో వెలిగిన వేల దీపాలకి నువ్వుల నూనె ఎవరు ఆడారు? ఒక మనిషి తెల్లవారకముందే లేచి, ఎద్దుకి గంతలు కట్టి, కాడి తగిలించి, సాయంత్రం దాకా దాని వెనకే తిరిగి ఉంటాడు. "గానుగెద్దులా తిరుగుతున్నాను" అని మనం రోజూ అనే మాటలో ఆ ఎద్దు ఉంది, ఆ మనిషి మాత్రం లేడు.

ఆ కాలంవాళ్లు ఆ పనిని మనంత చిన్నచూపు చూసినట్టు కూడా లేదు. 11వ శతాబ్ది చివర, తూర్పు గోదావరి వైపు టేకి దగ్గర దొరికిన తామ్రశాసనంలో తెలికుల కుటుంబాలకు కొన్ని గౌరవాలు రాసిచ్చారు. పెళ్లి ఊరేగింపులో వీధుల వెంట గుర్రమెక్కి వెళ్లే హక్కు వాటిలో ఒకటి. నూనె ఆడేవారికి రాగిరేకు మీద రాసిచ్చిన గౌరవం అది. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత నేను వాళ్ల రాయిని చూసి "అంతేనా" అన్నాను.

నిన్న నూనె, ఇవాళ చెరకు

ఇక్కడితో అయిపోయి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ కుర్రాడు వైజాగ్ వచ్చిన వారానికి ఫోన్ చేశాడు. తను తీసిన ఫొటోలు వాళ్ల సార్‌కి చూపించాడట. గుంట నోరు వెడల్పుగా ఉంది, పక్క కన్నం పెద్దది, గాడి లోతుగా ఉంది, కాబట్టి ఇది నూనెగానుగ కాకుండా చెరకు గానుగ కూడా కావచ్చు అన్నారట ఆయన.

ఇది కొట్టిపారేసే మాట కాదు. ఉత్తరప్రదేశ్, బుందేల్‌ఖండ్ పల్లెల్లో రాతి చెరకు గానుగలు ఇప్పటికీ కనిపిస్తాయి, కొన్నింటి మీద చెక్కడాలు కూడా ఉంటాయి. చెరకును ముక్కలు కొట్టి గుంటలో వేస్తే, ఎద్దులు తిప్పే రోకలి కింద నలిగి రసం కన్నంలోంచి కారుతుంది. 1870లలో బిహార్‌లోని బీహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు చెరకును నలిపే ఇనుప రోలర్ల గానుగ తయారుచేశాక రాతి గానుగలు మెల్లగా మూలపడ్డాయి. బెల్లం మార్కెట్‌కి పేరుమోసిన అనకాపల్లి పక్క ఊళ్లో చెరకు గానుగ ఉండటంలో వింత ఏముంది?

మా చిన్నాన్నకి మాత్రం కోపం వచ్చింది. "మొన్న అమ్మోరి గిన్నె. నిన్న నూనెగానుగ. ఇవాళ చెరకు గానుగ. రేపు ఇంకోటంటారు. వాళ్లకే తెలీనప్పుడు మనకి చెప్పడం దేనికమ్మా? మన మాట మీద మనం ఉంటే పోయేది కదా," అన్నాడు.

చిన్నాన్న మాట తీసిపారెయ్యలేను. మాట మార్చేవాడిని ఊళ్లో ఎవరూ నమ్మరు. హంపి వెళ్తే గైడు రాణుల అంతఃపురం అని చూపిస్తాడు. ఆ పేరు చాలా తర్వాత పెట్టినదనీ, అక్కడ రాణులే ఉండేవారని చెప్పలేమనీ పరిశోధకులు ఎప్పటి నుంచో అంటున్నారు. అయినా మనకి గైడు మాటే గుర్తుంటుంది, ఎందుకంటే అతను మాట మార్చడు. కానీ డాక్టరు విషయంలో మనం ఇలా ఆలోచించం. మొదటి రోజు మామూలు జ్వరం అన్నవాడు రక్తపరీక్ష రిపోర్టు చూసి టైఫాయిడ్ అంటే, మాట మార్చాడని మందు మానెయ్యం కదా. ఏం చూసి మార్చాడన్నదే లెక్క. ఆ కుర్రాడు కన్నం చూసి గానుగ అన్నాడు, వాళ్ల సార్ కన్నం కొలత చూసి చెరకు అన్నారు. రెండుసార్లూ వాళ్లు రాయినే చూశారు. మేం మూడు తరాలుగా పూజిస్తూ కన్నం ఉన్న సంగతే చూడలేదు.

అలాగని ఊరి మాటలో ఏమీ లేదని కూడా అనను. మన విశాఖ చుట్టుపక్కలే చూడండి. తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి, బావికొండకి ఆ పేరు బావుల వల్లే వచ్చింది. బౌద్ధం అక్కడి నుంచి వెళ్లిపోయి ఎన్ని వందల ఏళ్లో అయింది. బౌద్ధ భిక్షువుల ఆరామం సంగతి జనం మర్చిపోయారు కానీ నీళ్ల సంగతి మర్చిపోలేదు. అనకాపల్లి పక్కన శంకరం అనే ఊరి పేరులో 'సంఘారామం' దాక్కుని ఉంది. మరి అదే శంకరంలోని బొజ్జన్నకొండ మీద ఏం జరిగింది? బుద్ధుడి పేరు బొజ్జన్న అయింది. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రియా 20వ శతాబ్ది మొదట్లో తవ్వకాలు జరిపి అది బౌద్ధ క్షేత్రమని లోకానికి చూపించిన తర్వాత కూడా, చాలా ఏళ్లపాటు కనుమ రోజున చుట్టుపక్కల ఊళ్ల జనం కొండెక్కి, బొజ్జ ఆకారంలో ఉన్న రాతిని రాక్షసుడి బొజ్జ అనుకుని రాళ్లు విసిరేవారు. వారసత్వ సంపదను కాపాడేందుకు పనిచేసే ఇంటాక్ సంస్థ వాళ్లు పూనుకున్నాక అది ఆగింది. ఒకే ఊళ్లో పేరు నిజాన్ని కాపాడింది, ఆచారం ఆ నిజం మీదే రాళ్లు వేసింది.

చెప్పాలా, వద్దా

నాకు ఇప్పటికీ పూర్తిగా తెగని సందేహం ఒకటుంది. మా రాయి ఇన్నాళ్లు బతికి ఉందంటే అది గానుగ అని ఎవరికీ తెలియకపోవడం వల్లే. అమ్మోరి గిన్నె కాబట్టి దాని మీద ఎవరూ కూర్చోలేదు, బట్టలు ఉతకలేదు, పగలగొట్టి పునాదిలో వెయ్యలేదు. పక్క ఊళ్లో అలాంటిదే ఒకటి ఉండేదని నాన్న అంటారు. దానికి పూజ లేదు, పేరు లేదు. చెరువుగట్టు వేసినప్పుడు మట్టితో పాటు అదీ లోపలికి పోయింది. నేనుండే ఎం.వి.పి. కాలనీ చుట్టూ మద్దిలపాలెం, వెంకోజీపాలెం, కొంచెం దూరంలో ఎండాడ, మధురవాడ, అన్నీ ఒకప్పటి ఊళ్లే. వాటిలో అమ్మవారి గుళ్లు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కునైనా మిగిలాయి. కళ్లాలు, రోళ్లు, గానుగలు, పశువుల తొట్లు ఎక్కడున్నాయి?

కాబట్టి రాయికి ఉన్న దైవత్వాన్ని తీసేస్తే రక్షణ కూడా తీసేసినట్టే అవుతుందేమో అని భయపడ్డాను. ఊళ్లో ఈ మాట గట్టిగా చెప్పొద్దని నాన్నతో అన్నాను కూడా.

కానీ ఆ రక్షణ ఎలాంటిదో ఒకసారి ఆలోచించండి. కొన్నేళ్ల కిందట ఊళ్లోకి సిమెంటు రోడ్డు వేశారు. అప్పటిదాకా రాయి గుడి పక్కన లేదు, కొంచెం అవతల పాత బావి దారిలో ఉండేది. రోడ్డుకి అడ్డమొచ్చిందని జేసీబీతో ఎత్తి గుడి దగ్గర పెట్టారు. భక్తిగానే చేశారు. కొబ్బరికాయ కొట్టి మరీ కదిపారు, టైల్స్ గద్దె కట్టారు. ఆ రోజు రాయి అంచు కొంచెం విరిగింది, దాని గురించి అందరూ బాధపడ్డారు. అసలు పోయింది రాయి కింద ఉన్న నేల. గానుగ చుట్టూ ఎద్దు ఏళ్ల తరబడి తిరిగితే నేల వలయంలా గట్టిపడుతుంది. దాని మట్టిలో నువ్వుల పొట్టో, మాడిన చెరకు పిప్పో, కుండ పెంకులో దొరికి ఉండేవి. నూనెగానుగా, చెరకు గానుగా, ఏ కాలంది అన్న ప్రశ్నలకి జవాబు ఆ నాలుగు గజాల నేలలో ఉండేది. ఇప్పుడు దాని మీద అరడుగు కాంక్రీటు ఉంది. పూజ రాయిని కాపాడగలిగింది కానీ రాయి ఉన్న చోటుని కాపాడలేకపోయింది, ఎందుకంటే అమ్మవారి గిన్నె ఎక్కడ పెట్టినా అమ్మవారి గిన్నే. గానుగ అలా కాదు. పని రాయికి దాని చోటే ప్రాణం.

అందుకే చెప్పాలనే నిర్ణయానికి వచ్చాను. పసుపు తుడిచెయ్యమని కాదు, దీపం మానమని అసలే కాదు. నాయనమ్మకి పూజ, గానుగ ఒకదానికొకటి అడ్డనిపించలేదు. అడ్డనిపించింది చదువుకున్న నాకే. చెప్పకుండా దాస్తే, రేపు మరో రోడ్డు వచ్చినప్పుడు దాన్ని మళ్లీ భక్తిగా ఎత్తి ఇంకో చోట పెడతారు.

మొన్న కొత్త అమావాస్యకి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లాను. గుంట లోతు, నోటి వెడల్పు, కన్నం ఎత్తు కొలిచి పుస్తకంలో రాశాను. చిన్నాన్న కూతురు ఫోన్‌లో ఫొటోలు తీసింది. తర్వాత నాన్నని అడిగాను, రాయి ముందు కచ్చితంగా ఎక్కడ ఉండేదని. ఆయన పాత బావి పళ్లెం దగ్గరికి వెళ్లి, దానికి వీపు ఆనించి నిలబడి, కాసేపు అటూ ఇటూ చూసి, అడుగులు లెక్కపెడుతూ రోడ్డు మీదకి నడిచారు. పద్నాలుగో అడుగు దగ్గర ఆగి, కరెంటు స్తంభం వైపు చూసి, "లేదు, ఇంకా ఇటు," అని రెండడుగులు పక్కకి జరిగారు.

చిన్నాన్న గుడి అరుగు మీంచి అదంతా చూస్తున్నాడు. "అక్కడ కాదన్నయ్యా," అని కేకేశాడు. లేచొచ్చి, బావి దగ్గర నుంచి తను కూడా అడుగులు వెయ్యడం మొదలుపెట్టాడు. ఇద్దరూ రెండు చోట్ల ఆగారు, మధ్యలో గజం తేడా. నేను రెండూ రాసుకున్నాను.